లెక్క మీ దగ్గరే ఉండాలి

మీ పదకొండేళ్ల అబ్బాయి బేస్‌బాల్ ఆడుతున్నాడు. మీరు పెరిగిన ఊళ్లో ఆ ఆట లేదు. తెనాలిలోనో జగిత్యాలలోనో క్రికెట్ ఆడుతూ పెరిగారు. ఇప్పుడు ఫ్రిస్కోలోనో ఎడిసన్‌లోనో శనివారం పొద్దున్నే మడత కుర్చీ వేసుకుని గట్టున కూర్చుంటున్నారు. స్ట్రైక్ అంటే ఏమిటో, వాక్ అంటే ఏమిటో పక్క కుర్చీవాళ్లను అడిగి నేర్చుకున్నారు. పొద్దుటి మ్యాచ్‌లో మీవాడు నాలుగు ఇన్నింగ్స్ పిచ్ చేశాడు. మధ్యాహ్నం కోచ్ వచ్చి, "మీవాడి చెయ్యి ఇవాళ బ్రహ్మాండంగా ఉంది, రెండో మ్యాచ్‌లో కూడా వాడినే దింపుతాను" అన్నాడు. మీకు లోపల ఏదో కలుక్కుమంది. కానీ ఏమని అడుగుతారు? ఆయన కాలేజీ జట్టులో ఆడినవాడు. సరేనన్నారు.

వచ్చే వారం ఆ "సరే" అనకముందు మీ చేతిలో ఏమేం ఉండాలో ఇక్కడ చెప్పుకుందాం.

మనవాళ్లకు ఈ విషయంలో రెండు చిక్కులున్నాయి. ఒకటి, ఆట తెలియదన్న బెరుకు. రెండోది, నేర్పేవాడికి ఎదురు చెప్పకూడదన్న పెంపకం. లెక్కల మాస్టారి దగ్గరా, సంగీతం టీచరు దగ్గరా ఈ పెంపకం మనకు మేలే చేసింది. పిచ్చర్ నిలబడి విసిరే దిబ్బ (పిచ్చింగ్ మౌండ్) దగ్గర చెయ్యదు, ఎందుకంటే అక్కడ పొరపాటు పడితే దెబ్బ తినేది ఎదిగే ఎముక. ఇక ఆట తెలియదన్న బెరుకు సంగతి. కుర్ర పిచ్చర్ల చేతులు దేనివల్ల చెడుతున్నాయని పరిశోధకులు ఏళ్ల తరబడి వెతికారు. వాళ్లకు దొరికిన జవాబుల్లో గట్టివన్నీ అంకెలే: ఒక రోజులో ఎన్ని పిచ్‌లు, మధ్యలో ఎన్ని రోజుల విశ్రాంతి, ఏడాదిలో ఎన్ని నెలలు. లెక్క పెట్టడానికి ఆట రానక్కర్లేదు. చిన్న నోటుబుక్కు, పెన్సిలు చాలు.

కోచ్‌ని దుర్మార్గుడిగా చూడమని నేను చెప్పడం లేదు. పిల్లల బేస్‌బాల్ సంస్థ లిటిల్ లీగ్‌లో అయితే ఆయన బహుశా మీలాగే ఇంకో పిల్లవాడి తండ్రి, జీతం లేకుండా సాయంత్రాలు ధారపోస్తున్నవాడు. డబ్బు తీసుకుని నడిపే ట్రావెల్ జట్టు కోచ్ కూడా పిల్లల చేతులు విరగాలని కోరుకోడు. కానీ ఆయనకు కనిపించేది ఈ జట్టు, ఈ వారాంతం. మంగళవారం స్కూలు జట్టుకు మీవాడు ఎన్ని వేశాడో ఆయనకు తెలియదు. గురువారం పెరట్లో గోడకేసి ఎన్ని విసిరాడో అసలే తెలియదు. పిల్లవాడి ఏడాది మొత్తాన్ని చూసే మనిషి ప్రపంచంలో ఒక్కరే ఉన్నారు. ఆ మనిషి మడత కుర్చీలో కూర్చుని ఉన్నారు.

మోచేతి లోపలి బుడిపె

మోచెయ్యి కాస్త వంచి, లోపలి వైపు, అంటే ఒంటికి ఆనుకునే వైపు తడిమి చూడండి. ఎముక బుడిపె ఒకటి తగులుతుంది. ముంజేతి కండరాలు కొన్ని దానికే అతుక్కుని ఉంటాయి. మోచేతిని పక్కకు విచ్చుకుపోకుండా పట్టి ఉంచే లిగమెంట్ మొదలయ్యేదీ అక్కడే. పిచ్చర్ బంతి విసిరేటప్పుడు చెయ్యి వెనక్కి వంగి ఒక్కసారిగా ముందుకు తిరిగే క్షణంలో ఈ లోపలి వైపు విపరీతంగా లాగబడుతుంది. పెద్దవాళ్లలో ఆ బుడిపె మిగతా ఎముకతో కలిసి గట్టిపడి ఉంటుంది కాబట్టి లాగుడు భారం లిగమెంట్ మీద పడుతుంది, తెగితే అదే తెగుతుంది. పిల్లల్లో ఆ బుడిపెకూ ఎముకకూ మధ్య ఎదుగుదల మృదులాస్థి ఉంటుంది. అది పూర్తిగా గట్టిపడేది టీనేజీలో. అంతవరకూ ఆ గొలుసులో బలహీనమైన లంకె అదే. పదే పదే లాగితే అక్కడ వాపు వస్తుంది, మరీ మొండికేస్తే బుడిపె ఎముక నుంచి విడిపోతుంది. దీన్ని డాక్టర్లు లిటిల్ లీగర్స్ ఎల్బో అంటున్నారు. 1960 నుంచీ వైద్య పత్రికల్లో ఉన్న పేరే. భుజం ఎముక పైభాగంలో కూడా ఇలాంటి ఎదుగుదల పొర ఉంది, దానికీ ఇదే గతి పట్టవచ్చు.

ఇక్కడ టామీ జాన్ కథ చెప్పుకోవాలి, ఎందుకంటే అది తల్లిదండ్రులకు ధైర్యం చెప్పబోయి తప్పుదారి పట్టించింది. టామీ జాన్ లాస్ ఏంజిలిస్ డాడ్జర్స్ జట్టులో ఎడమచేతి పిచ్చర్. 1974లో ఆయన మోచేతి లిగమెంట్ తెగింది. డాక్టర్ ఫ్రాంక్ జోబ్ ఆయన కుడి ముంజేతి నుంచి ఒక స్నాయువు తీసి, ఎడమ మోచేతిలో లిగమెంట్ స్థానంలో అమర్చాడు. అప్పటిదాకా ఎవరూ చేయని పని. టామీ జాన్ 1976లో తిరిగి మౌండ్ ఎక్కి 1989 దాకా ఆడాడు. ఆ శస్త్రచికిత్సకు ఆయన పేరే స్థిరపడింది. తర్వాత పుట్టుకొచ్చిన భ్రమ ఏమిటంటే, ఆ ఆపరేషన్ చేయించుకుంటే చెయ్యి మునుపటికంటే బలంగా తయారవుతుందని. 2012లో వచ్చిన ఒక సర్వేలో హైస్కూలు ఆటగాళ్లలో సగం మంది, తల్లిదండ్రుల్లో 37 శాతం మంది, గాయం లేకపోయినా ఆట మెరుగుపడటానికి ఆ ఆపరేషన్ చేయించుకోవచ్చని అభిప్రాయపడ్డారు. కోచ్‌లలో 30 శాతం మందిదీ అదే మాట. నిజానికి కోలుకోవడానికి ఏడాది, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే పడుతుంది, అందరూ పాత స్థాయికి రారు. 2007 నుంచి 2011 వరకు అమెరికాలో ప్రైవేటు బీమా రికార్డులను పరిశీలిస్తే, ఈ ఆపరేషన్లలో సగానికి పైగా, 56.7 శాతం, 15 నుంచి 19 ఏళ్ల పిల్లలకే జరిగాయి. "మరేం పర్లేదు, చెడితే బాగుచేయించుకోవచ్చు" అని ఎవరైనా అంటే ఈ అంకె గుర్తుంచుకోండి. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే అది, కాకపోతే ఆకుల ఖరీదు కొంచెం ఎక్కువ.

జేబులో ఉండాల్సిన అంకెలు

లిటిల్ లీగ్ 2007 నుంచి పిచ్చర్లకు ఇన్నింగ్స్ పరిమితి తీసేసి పిచ్‌ల పరిమితి పెట్టింది. తెలివైన మార్పు. ఒక ఇన్నింగ్స్ తొమ్మిది పిచ్‌లలో ముగియవచ్చు, ముప్పై అయిదుకు సాగవచ్చు, చేతికి తెలిసేది పిచ్‌లే. మేజర్ లీగ్ బేస్‌బాల్, యు.ఎస్.ఏ. బేస్‌బాల్ కలిసి 2014లో పిచ్ స్మార్ట్ పేరిట వయసువారీ మార్గదర్శకాలు విడుదల చేశాయి. ఒక రోజులో గరిష్ఠంగా ఏడెనిమిదేళ్ల వాళ్లకు 50 పిచ్‌లు, 9-10 వాళ్లకు 75, 11-12 వాళ్లకు 85, 13 నుంచి 16 దాకా 95, 17-18 వాళ్లకు 105. ఇవి పైకప్పులు, రోజూ చేరుకోవాల్సిన లక్ష్యాలు కావు.

నన్నడిగితే రోజు పరిమితికంటే విశ్రాంతి లెక్క ముఖ్యం, దాన్నే ఎక్కువమంది మరిచిపోతారు. పద్నాలుగేళ్ల వరకు ఉన్నవాళ్లు ఒక రోజు 20 పిచ్‌ల వరకు వేస్తే మర్నాడు మళ్లీ వేయవచ్చు. 21 నుంచి 35 వేస్తే ఒక రోజు ఖాళీ. 36 నుంచి 50 అయితే రెండు రోజులు, 51 నుంచి 65 అయితే మూడు, 65 దాటితే నాలుగు. ఈ ఒక్క వరసను ఫోన్‌లో రాసి పెట్టుకోండి. మొదట్లో చెప్పుకున్న శనివారం మీవాడు 58 వేశాడనుకోండి. ఆది, సోమ, మంగళవారాలు చేతికి సెలవు. మళ్లీ పిచ్ చేయడం బుధవారం. అదే రోజు మధ్యాహ్నం రెండో మ్యాచ్ అనే ప్రశ్నే రాదు.

ఏడాది లెక్క కూడా ఉంది. 9 నుంచి 12 ఏళ్ల వాళ్లు పన్నెండు నెలల్లో 80 ఇన్నింగ్స్ దాటకూడదు, ఆ పైన వయసు వాళ్లు 100. ఏటా కనీసం నాలుగు నెలలు విసరడం మానాలి, అందులో రెండు మూడు నెలలు వరసగా. ఈ వంద అనే సంఖ్య గాల్లోంచి ఊడిపడలేదు. అలబామాలోని బర్మింగ్‌హామ్‌లో డాక్టర్ జేమ్స్ ఆండ్రూస్ స్థాపించిన అమెరికన్ స్పోర్ట్స్ మెడిసిన్ ఇన్‌స్టిట్యూట్ పరిశోధకులు 9 నుంచి 14 ఏళ్ల పిచ్చర్లు 481 మందిని పదేళ్ల పాటు వెంబడించారు. ఫలితాలు 2011లో వచ్చాయి. ఏదో ఒక ఏడాది వంద ఇన్నింగ్స్ దాటినవాళ్లకు తీవ్రమైన గాయం, అంటే ఆపరేషనో ఆట మానేయడమో, మిగతావాళ్లకంటే మూడున్నర రెట్లు ఎక్కువ.

టెక్సస్‌లో, జార్జియాలో ఎండ ఏడాదంతా ఉంటుంది కదా, మైదానాలూ ఏడాదంతా తెరిచే ఉంటాయి. నాలుగు నెలలు ఆపడం అక్కడే కష్టం. జాన్ స్మోల్ట్స్ తానే టామీ జాన్ ఆపరేషన్ చేయించుకుని తిరిగొచ్చి హాల్ ఆఫ్ ఫేమ్ చేరిన పిచ్చర్. 2015లో ఆ సత్కార ప్రసంగంలోనే ఆగి, బేస్‌బాల్ ఏడాది పొడవునా ఆడే ఆట కాదని తల్లిదండ్రులకు చెప్పాడు. ఆ నాలుగు నెలల్లో మీవాడు సాకర్ ఆడొచ్చు, ఈత కొట్టొచ్చు, వయొలిన్ వాయించొచ్చు.

ఇప్పుడు లెక్కలో కనిపించని పిచ్‌ల సంగతి. అధికారిక సంఖ్యలో మ్యాచ్‌లో బ్యాటర్‌కు వేసినవే ఉంటాయి. వార్మప్‌వి, బుల్‌పెన్‌లో, అంటే మైదానం పక్కన సాధన చేసుకునే చోట, వేసినవి, ఇన్నింగ్స్ మధ్య వేసినవి ఉండవు. ఫ్లోరిడా పరిశోధకులు హైస్కూలు పిచ్చర్ల చేతి నుంచి వెళ్లిన ప్రతి బంతినీ లెక్కపెడితే, మ్యాచ్ రోజున వేసినవాటిలో దాదాపు 42 శాతం లెక్కకెక్కలేదని తేలింది. కాబట్టి జట్టు వాడే గేమ్‌ఛేంజర్ యాప్‌లో కనబడే 58తో సంతృప్తి పడకండి. నోటుబుక్కులో రెండు గడులు గీసుకోండి, మ్యాచ్‌కు ఒకటి, మిగతావాటికి ఒకటి.

ఏ మాట వినగానే చెవులు రిక్కించాలి

"ఇంకొక్క బ్యాటర్‌కు వేసెయ్, అయిపోతుంది." అన్నిటికంటే ప్రమాదకరమైన మాట ఇదే, అన్నిటికంటే మామూలుగా వినిపించేదీ ఇదే. 2006లో వచ్చిన ఒక అధ్యయనంలో ఆపరేషన్ దాకా వెళ్లిన 95 మంది కుర్ర పిచ్చర్లను, ఎన్నడూ పెద్ద గాయం కాని 45 మందితో పోల్చారు. అలసిన చేత్తో తరచుగా పిచ్ చేసేవాళ్లమని చెప్పినవాళ్లు ఆపరేషన్ గుంపులో ఉండే అవకాశం 36 రెట్లు ఎక్కువ వచ్చింది. ఏడాదిలో ఎనిమిది నెలలకు మించి పిచ్ చేసేవాళ్లకు అది అయిదు రెట్లు. చిన్న గుంపు, గుర్తు తెచ్చుకుని చెప్పిన జవాబులు. అందుకని 36ను శిలాశాసనంలా పట్టుకోనక్కర్లేదు. కానీ దాని పక్కన మిగతా కారణాలన్నీ వెలవెలబోతున్నాయి. అంటే పరిమితి 85 అయినా మీవాడు 50 దగ్గర అలసిపోతే ఆ రోజు పరిమితి 50.

అలసట మీ కళ్లకు కనబడుతుంది, ఆట రాకపోయినా. అంతవరకూ తక్కువ ఎత్తులో పడిన బంతులు వరసగా పైకి లేస్తాయి. మోచెయ్యి భుజం కంటే కిందికి జారుతుంది. పిచ్‌కీ పిచ్‌కీ మధ్య వ్యవధి పెరుగుతుంది, టోపీ సర్దుకోవడం, షూ లేసు కట్టుకోవడం ఎక్కువవుతుంది. ఫోన్‌లో మొదటి ఇన్నింగ్స్ వీడియో ఒకటి, నాలుగోది ఒకటి తీసి పక్కపక్కన పెట్టి చూడండి. కోచ్‌కి చూపించడానికి కూడా అది పనికొస్తుంది.

"పిచ్ చేయడం అయిపోయింది కదా, క్యాచర్‌గా కూర్చోబెడదాం." క్యాచర్ ప్రతి బంతినీ వెనక్కి విసరాలి, బేస్ దొంగిలించడానికి పరుగెత్తేవాళ్లను ఆపడానికి రెండో బేస్ దాకా బలంగా విసరాలి. లిటిల్ లీగ్ నియమం ప్రకారం 41 లేదా అంతకుమించి పిచ్‌లు వేసినవాడు ఆ రోజు క్యాచర్‌గా ఆడకూడదు. బదులుగా ఫస్ట్ బేస్‌లో పెట్టమని అడగండి.

"కర్వ్‌బాల్ నేర్పిస్తాను." ఇక్కడ రెండు పక్షాల దగ్గరా ఆధారాలున్నాయి, దాచడం న్యాయం కాదు. 2002లో 476 మంది పిల్లల మీద చేసిన అధ్యయనంలో కర్వ్‌బాల్ వేసేవాళ్లకు భుజం నొప్పి ముప్పు 52 శాతం, స్లైడర్ వేసేవాళ్లకు మోచేతి నొప్పి ముప్పు 86 శాతం ఎక్కువ కనబడింది. 2008లో ప్రయోగశాలలో కుర్రాళ్ల మోచేతి మీద పడే భారం కొలిస్తే కర్వ్‌బాల్ కంటే ఫాస్ట్‌బాల్‌తోనే ఎక్కువని వచ్చింది. మీ కోచ్ ఈ రెండోదాన్ని చూపిస్తే ఆయన అబద్ధం చెప్పడం లేదు. కానీ ప్రయోగశాలలో ఉన్న పిల్లవాడు అలసిపోలేదు, స్కోరు చూసుకోవడం లేదు. పైగా పదకొండేళ్ల బ్యాటర్లకు వంకర తిరిగే బంతి కొట్టడం చేతకాదు. అందుకని అది వేయగల పిల్లవాడిని గెలవడం కోసం మళ్లీ మళ్లీ మౌండ్ ఎక్కిస్తారు. అసలు ముప్పు అక్కడుందని నా అనుమానం. పన్నెండు దాకా ఫాస్ట్‌బాల్, చేంజప్ (అలాగే కనిపించి నెమ్మదిగా వచ్చే బంతి) చాలని పిచ్ స్మార్ట్ అంటుంది. ఆ రెండూ కుదురుగా వేయడం వచ్చాక మిగతావి పదమూడు తర్వాత చూసుకోవచ్చు.

"వేగం పెంచాలి, బరువు బంతులు విసరాలి." ఈ మాట వెనుక పెద్ద వ్యాపారం ఉంది. 2018లో ఒక అధ్యయనం 13 నుంచి 18 ఏళ్ల పిచ్చర్లను రెండు గుంపులు చేసి ఆరు వారాలు శిక్షణ ఇచ్చింది. బరువు బంతులు వాడినవాళ్ల వేగం 3.3 శాతం పెరిగింది, 24 శాతం మందికి గాయాలయ్యాయి. మామూలు బంతులతో సాధన చేసినవాళ్లలో ఒక్కరికీ గాయం కాలేదు. మేజర్ లీగ్ బేస్‌బాల్ 2024 డిసెంబరులో పిచ్చర్ల గాయాల మీద వెలువరించిన నివేదిక కూడా వేగం వెంట, ప్రతి పిచ్‌నూ శక్తంతా పెట్టి వేయడం వెంట పరుగునే ముందు తప్పుపట్టింది. ఆ జబ్బు చిన్నపిల్లల టోర్నమెంట్లకూ దిగిందని అందులో ఉంది. రాడార్ గన్ కొనుక్కుని పెరట్లో కొడుకు వేగం కొలిచే నాన్నలను నేను చూశాను. అంకెలంటే మనకున్న ప్రేమ అది. అదే అంకెల ప్రేమను నోటుబుక్కు వైపు తిప్పితే సరిపోతుంది.

"మ్యాచ్‌కు ముందు ఒక ఐబుప్రొఫెన్ వేయండి." వద్దు. నొప్పి తెలియకుండా చేసి విసిరించడమంటే హెచ్చరికను నోరు నొక్కి పంపడం. దీనికి చర్చ అక్కర్లేదు.

కోచ్‌తో మాట్లాడటం

మ్యాచ్ నడుస్తుండగా డగౌట్ కంచె దగ్గరికి వెళ్లి అరవకండి. పిల్లవాడి పరువు పోతుంది, కోచ్ పంతానికి పోతాడు. ఇక్కడి చాలా జట్లలో మ్యాచ్ అయ్యాక 24 గంటలు గడిచేదాకా తల్లిదండ్రులు కోచ్‌తో ఆట గురించి వాదించకూడదన్న కట్టుబాటు ఉంటుంది, మంచి కట్టుబాటే. అందుకే మాట్లాడాల్సింది సీజన్ మొదలుకాకముందు. జట్టులో చేర్చే రోజున అడగండి: మీరు పిచ్ స్మార్ట్ పాటిస్తారా, టోర్నమెంట్‌లో ఇన్నింగ్స్ లెక్కా పిచ్‌ల లెక్కా, పిచ్‌లు ఎవరు లెక్కపెడతారు, ఒకే రోజు ఒకే పిల్లవాడిని పిచ్చర్‌గానూ క్యాచర్‌గానూ ఆడిస్తారా? ఫీజు కట్టకముందు అడిగిన ప్రశ్నకూ, కట్టాక అడిగినదానికీ జవాబు చెప్పే తీరులో తేడా ఉంటుంది.

సీజన్ మధ్యలో అయితే భయం చెప్పకండి, అంకె చెప్పండి. "మావాడికి ఎక్కువవుతోందేమో అనిపిస్తోంది" అంటే ఆయన నవ్వి భుజం తట్టి పంపిస్తాడు. శనివారం రాత్రే ఇలాంటి సందేశం పంపండి: "కోచ్, ఇవాళ మావాడు 58 పిచ్‌లు వేశాడు. పిచ్ స్మార్ట్ ప్రకారం మూడు రోజుల విశ్రాంతి, అందుకని బుధవారం దాకా పిచ్ చేయడు, క్యాచర్‌గా కూర్చోడు. రేపు ఫస్ట్ బేస్‌లోనో అవుట్‌ఫీల్డ్‌లోనో ఎక్కడ పెట్టినా ఉత్సాహంగా ఆడతాడు." ఇందులో అనుమతి అడగడం లేదు, నింద లేదు, వాడుకోవడానికి మరో దారి ఉంది. ఆదివారం ఎవరిని దింపాలో ఆలోచించుకోవడానికి ఆయనకు రాత్రంతా సమయం ఉంది. ముందురోజు చెప్పిన "కాదు"ను ఏ కోచ్ అయినా మింగగలడు, ఫైనల్ మధ్యలో చెప్పినదాన్ని మింగలేడు.

అంతా తల్లిదండ్రుల బాధ్యతే అని అనుకోకండి, ఆ పని తామే చేసిన కోచ్‌లూ ఉన్నారు. 2019 జులైలో జపాన్‌లోని ఇవాటె రాష్ట్ర హైస్కూలు టోర్నమెంట్ ఫైనల్. గెలిస్తే ఓఫునాతో అనే మామూలు ప్రభుత్వ పాఠశాల 35 ఏళ్ల తర్వాత కోషియెన్ జాతీయ పోటీలకు వెళ్తుంది. జట్టులో రోకి ససాకి ఉన్నాడు, గంటకు 160 కిలోమీటర్లు విసిరే కుర్రాడు. ముందురోజు సెమీఫైనల్లో 129 పిచ్‌లు వేశాడు. అంతకుముందు ఒక మ్యాచ్‌లో 194. కోచ్ యోహెయ్ కొకుబో ఫైనల్లో అతణ్ని మౌండ్ ఎక్కించలేదు. జట్టు 12-2తో ఓడింది. బడికి తిట్లతో ఫోన్లు వెల్లువెత్తాయి, దేశమంతా వాదులాడుకుంది. 1998లో కోషియెన్‌లో దైసుకె మత్సుజాక ఒకే మ్యాచ్‌లో 250 పిచ్‌లు వేసిన తీరును వీరగాథగా చెప్పుకునే దేశం అది. మరుసటి ఏడాది నుంచి అక్కడ హైస్కూలు పిచ్చర్లకు వారానికి 500 పిచ్‌ల పరిమితి వచ్చింది, మన లెక్కల్లో చూస్తే అదీ ఎక్కువే. ససాకి 2022 ఏప్రిల్‌లో వృత్తి పోటీల్లో పర్‌ఫెక్ట్ గేమ్, అంటే ప్రత్యర్థుల్లో ఒక్కరినీ బేస్ చేరనివ్వని మ్యాచ్, వేశాడు, ఆ తర్వాత డాడ్జర్స్‌కు వచ్చాడు. 2025లో భుజం ఇబ్బందితో నెలల తరబడి ఆటకు దూరమయ్యాడు కూడా. ఒక్క మ్యాచ్ ఆపితే చెయ్యి జీవితాంతం భద్రమని ఎవరూ హామీ ఇవ్వలేరు. కొకుబో కూడా ఇవ్వలేదు. ఆ రోజు ఆ చెయ్యి అలసి ఉందని మాత్రమే చూశాడు.

"అయితే మీవాడు పిచ్చర్‌గా పనికిరాడు, బెంచీ మీద కూర్చుంటాడు" అని కోచ్ అంటే? అంటారు కొందరు. అప్పుడు లీగ్ నిర్వాహకులకు నియమం సంఖ్యతో సహా రాయవచ్చు. అది ట్రావెల్ జట్టయి నియమమే లేకపోతే, జట్టు మారడమే మార్గం. స్కాలర్‌షిప్ పోతుందేమోనన్న బెంగ చాలామంది నాన్నల గొంతులో వింటాను. హైస్కూల్లో బేస్‌బాల్ ఆడేవాళ్లలో ఎన్.సి.ఏ.ఏ. కాలేజీ జట్లలోకి వెళ్లేది నూటికి ఏడెనిమిది మందే. మీవాడు వాళ్లలో ఒకడు కావచ్చు, ఎందుకు కాకూడదు? కానీ కాలేజీలు చూసేది పదిహేడేళ్ల చేతిని. పదకొండేళ్లప్పుడు గెలిచిన ప్లాస్టిక్ ట్రోఫీని ఎవరూ అడగరు.

పిల్లవాడు చెప్పని నొప్పి

న్యూయార్క్, న్యూజెర్సీ ప్రాంతంలో గాయాలేవీ లేని 203 మంది కుర్ర ఆటగాళ్లను అడిగితే, 74 శాతం మంది విసిరేటప్పుడు చెయ్యి నొప్పి పుడుతుందన్నారు. నొప్పి ఉన్నా ఆడమని ఎవరో ఒకరు ప్రోత్సహించారని 46 శాతం మంది చెప్పారు. ఆ ఎవరో ఒకరిలో మనం ఉండకూడదు.

"నొప్పిగా ఉందా?" అని అడిగితే "లేదు నాన్నా" అంటాడు. మౌండ్ పోతుందని వాడికి తెలుసు. వాడి ముందు మీరు జట్టులో ఇంకో అబ్బాయి 70 మైళ్ల వేగంతో వేస్తున్నాడని మెచ్చుకుంటే ఇంకా చెప్పడు. అందుకని అడిగే తీరు మార్చండి. స్నానం చేసి వచ్చాక, తీరిగ్గా ఉన్నప్పుడు, అమ్మ అడిగితే ఇంకా మంచిది: "ఎక్కడ పట్టేసినట్టుంది రా, వేలు పెట్టి చూపించు." వేలు పై చేతి కండ మీద తిరిగితే, రెండు రోజుల్లో తగ్గితే, అది శ్రమ వల్ల వచ్చిన కండరాల నొప్పి. వేలు సూటిగా మోచేతి లోపలి బుడిపె మీదికో భుజం పైకొనకో వెళ్తే విసరడం ఆగిపోవాలి. మోచెయ్యి పూర్తిగా చాచలేకపోవడం, మధ్యలో పట్టేసి ఆగడం, వాపు, ఉంగరం వేలు చిటికెన వేలు తిమ్మిరెక్కడం, కారణం తెలియకుండా వేగమో గురో పడిపోవడం, వీటిలో ఏది కనబడినా ఐస్ పెట్టి సరిపెట్టకండి. పిల్లల ఎముకలు చూసే స్పోర్ట్స్ మెడిసిన్ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. ఆయన రెండు మోచేతులకూ ఎక్స్‌రే తీయిస్తే ఆశ్చర్యపోకండి. ఎదిగే ఎముకలో ఏది మామూలో తెలియాలంటే బాగున్న చేతితో పోల్చి చూడాలి.

తొందరగా పట్టుకుంటే లిటిల్ లీగర్స్ ఎల్బో సాధారణంగా ఆపరేషన్ లేకుండా, నాలుగు నుంచి ఆరు వారాలు విసరకుండా ఉంటే తగ్గుతుంది. ఆ వారాల్లో వాడిని ఇంట్లో కూర్చోబెట్టకండి. ప్రాక్టీసుకు తీసుకెళ్లండి, కాళ్ల వ్యాయామాలు చేయనివ్వండి, డగౌట్‌లో స్కోరు రాసే పని, మిగతా పిచ్చర్ల పిచ్‌లు లెక్కపెట్టే పని కోచ్‌ని అడిగి ఇప్పించండి. మళ్లీ మొదలుపెట్టేది దగ్గరి దూరంలో మెల్లగా విసరడంతో. దూరం, వేగం దశలవారీగా పెంచుతారు, మౌండ్ చివర్న వస్తుంది. మౌండ్ ఎక్కే తేదీ డాక్టర్ చెప్పాలి. వచ్చే నెల టోర్నమెంట్ నుంచి వెనక్కి లెక్క కట్టి ఆయన్ని ఒప్పించే ప్రయత్నం చేయకండి. మొదటి రోజుకు ఆయన ఎన్ని పిచ్‌లు రాసిచ్చాడో ఆ కాగితం ఫొటో తీసి, ముందురోజు రాత్రే కోచ్‌కి పంపండి.